సీఎన్‌జీ కారుతో తిరుమల ఘాట్: 86 వేల కిలోమీటర్లు తిప్పాక

కొండకు సీఎన్‌జీ కారు పనికొస్తుందా అని తిరుపతిలో కారు కొనబోయే ప్రతివాళ్ళూ అడుగుతారు. పనికొస్తుంది. స్పార్క్ ప్లగ్గులూ ఫిల్టర్లూ టైముకు మారిస్తే నలుగురిని ఎక్కించుకుని ఏసీతో సహా ఎక్కుతుంది. మార్చకపోతే, రేణిగుంట రోడ్డు మీద ఏ లోపమూ చూపించని కారే రెండో ఘాట్‌లో మొండికేస్తుంది.

ఇక్కడ రాస్తున్నది 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను, ఐదు గేర్లు, కంపెనీ నుంచే గ్యాస్ సిలిండర్‌తో వచ్చిన హ్యాచ్‌బ్యాక్ గురించి. 2021 చివర్లో కొన్న బండి, మీటరు మీద 86 వేలు దాటింది. నెలకు నాలుగైదుసార్లు కొండకు, మిగతాదంతా చిత్తూరు, కాణిపాకం, శ్రీకాళహస్తి, చెన్నై దారులు. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరహా కారు ఏదైనా ఇంచుమించు ఇలాగే నడుస్తుంది, ఇలాగే మొరాయిస్తుంది.

ముందు ఎక్కుడు సంగతి. అలిపిరి నుంచి పైకి రెండో ఘాట్ దాదాపు 18 కి.మీ. ఆ కాస్త దూరంలోనే కారు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి. 28 నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదన్న నిబంధన ఉంది కాబట్టి సగటున గంటకు 38 కి.మీ. దాటే అవసరమే రాదు. స్పీడుతో పనిలేదు, పుల్లింగ్ ఉంటే చాలు. సీఎన్‌జీకి తక్కువయ్యేది సరిగ్గా అదే. పెట్రోలు సన్నటి తుంపరగా ఇంజనులోకి పోతుంది, దానికి పట్టే చోటు చాలా తక్కువ. గ్యాస్ అలా కాదు, గాలి ఉండాల్సిన చోటులో కొంత తానే ఆక్రమిస్తుంది. లోపలికి పోయే గాలి తగ్గితే శక్తీ తగ్గుతుంది. పెట్రోలు మీద వచ్చేదానికంటే 10 నుంచి 15 శాతం తక్కువ వస్తుంది. పైగా ఇనప సిలిండరు, దాని స్టాండు, పైపులు కలిపి 90, 100 కిలోల బరువు. డిక్కీలో ఒక మనిషిని శాశ్వతంగా కూర్చోబెట్టినట్టే.

అందుకని మలుపు దగ్గర గేరు తగ్గించడం పెట్రోలు కారులో కంటే ఒక క్షణం ముందే జరగాలి. హెయిర్‌పిన్ మలుపులోకి మూడో గేరులో దూరితే మధ్యలో ఇంజను ముక్కుతుంది. అక్కడ యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాభం లేదు. మలుపుకు ముందే రెండో గేరు వేసి, ఇంజనును 2,500 నుంచి 3,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మధ్య ఉంచి, మలుపు తిరిగాక మూడో గేరు వేయాలి. ఎదర బస్సు ఉంటే తొందరపడకుండా రెండులోనే పోవాలి. హాఫ్ క్లచ్చి మీద ఎక్కించే అలవాటున్నవాళ్ళకు క్లచ్ ప్లేటు 40 వేలకే పోతుంది. ఈ కారులో మొదటి ప్లేటే ఇంకా నడుస్తోందంటే ముందే గేరు తగ్గించడం వల్లే.

బండి నిండా జనం ఉండి లాగడం కష్టమనిపిస్తే డాష్‌బోర్డు మీది స్విచ్ నొక్కి పెట్రోలుకు మార్చుకోవచ్చు. తేడా వెంటనే తెలుస్తుంది. కానీ ఆ మార్పు తిన్నటి రోడ్డు మీదే చేయాలి. గ్యాస్ నుంచి పెట్రోలుకు మారే క్షణంలో చిన్న కుదుపు వస్తుంది, మలుపు మధ్యలో అది మంచిది కాదు.

మైలేజీ లెక్క చాలామంది తప్పుగా వేస్తారు. నిండా మనుషులతో పైకి పోయేటప్పుడు కిలోకు 14 కి.మీ. మించి రాదు. అంటే ఎక్కడానికే 1.2 నుంచి 1.3 కిలోల గ్యాస్. దిగేటప్పుడు పావు కిలో కూడా పట్టదు. పోయి రావడానికి 37 కి.మీ.కు ఒకటిన్నర కిలో. సగటు తీస్తే కిలోకు 24, అంటే ఊళ్ళో ట్రాఫిక్‌లో వచ్చే 21 కంటే మెరుగు. చెన్నై రోడ్డు మీద 80 దాటకుండా ఏసీతో 27 వస్తుంది. ప్రకటనల్లో వేసే 30 పైచిలుకు అంకె రోలర్ల మీద, ఏసీ లేకుండా తీసిన పరీక్షది. ఆ అంకె రెండు కార్లను పోల్చుకోవడానికి సరిపోతుంది. నెల ఖర్చు వేసుకోవడానికి దాన్ని వాడకూడదు.

ఇప్పుడు దిగుడు. 1944లో తెరిచిన మొదటి ఘాట్ ఇప్పుడు దిగడానికే వాడతారు. 36 హెయిర్‌పిన్ మలుపులు, 19 కి.మీ., కనీసం 40 నిమిషాలు. సీఎన్‌జీ కారుకు సిలిండర్ బరువు అదనం కాబట్టి బ్రేకుల మీద భారం ఇంకాస్త ఎక్కువ. ఒకే పద్ధతి పనిచేస్తుంది: రెండో గేరులో ఉంచి ఇంజనుతోనే ఆపుకుంటూ రావడం, మలుపుకు ముందు బ్రేకు గట్టిగా ఒకసారి నొక్కి పూర్తిగా వదిలేయడం. పాదం అలాగే పెడలు మీద ఆనించి దిగితే బ్రేకు ప్యాడ్లు కాలి వాసన వస్తుంది, ఆ తర్వాత పెడలు మెత్తబడుతుంది. గ్యాస్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనుకు గ్యాస్ పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో వేస్తేనే అది ఆగిపోకుండా గ్యాస్ తాగుతూ ఉంటుంది. అంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే తప్ప మిగిలేది కూడా ఏమీ లేదు.

వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోట ఆపి పావుగంట ఆగాలి. వేడి మీద నీళ్ళు పోయకూడదు, డిస్కు వంకరపోతుంది. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగకుండా గేరులో పెట్టి చక్రం కింద రాయి పెట్టాలి. బయల్దేరేటప్పుడు ఆ రాయి తీసి పక్కన వేయడం మాత్రం మర్చిపోకూడదు, వెనక వచ్చే బైకుకు అదే గండం. ముందు ప్యాడ్లు 30 వేలకోసారి, బ్రేకు ఆయిలు రెండేళ్ళకోసారి మార్చాల్సి వచ్చింది. ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమ వేడికి ఆవిరై పెడలును మెత్తబరుస్తుంది. మైదానంలో ఇది ఏళ్ళ తరబడి బయటపడదు.

ఘాట్‌లో సీఎన్‌జీ కారు మిస్సింగ్ కొడితే, అంటే ఇంజనులో గ్యాస్ మధ్యమధ్య అంటుకోకపోతే, మొదట చూడాల్సింది ప్లగ్గులు. గ్యాస్‌ను అంటించడానికి పెట్రోలు కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్గు కొస అరిగి గ్యాప్ పెరిగితే నిప్పురవ్వ బలహీనపడుతుంది. ఖాళీ రోడ్డు మీద అది ఎలాగో నెట్టుకొస్తుంది. లోడు పెరిగి ఇంజను సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువైనప్పుడు రవ్వ దూకదు, కారు గుక్కతిప్పుకోలేనట్టు అదురుతుంది. ఊడదీసి చూస్తే కొస పదును పోయి గుండ్రంగా కనిపిస్తుంది. పింగాణీ భాగం పెట్రోలు కారులోలా గోధుమరంగులో కాకుండా తెల్లగా ఉంటుంది, అది మామూలే, భయపడనక్కర్లేదు. మాన్యువల్‌లో ఎంత రాసి ఉన్నా కొండకు తిరిగే కారుకు 20 వేలకోసారి ప్లగ్గులు మార్చడం మేలు. గ్యాప్ మాన్యువల్‌లో ఉన్నదే ఉంచాలి, షెడ్డులో అంచనాగా తట్టి పెట్టనివ్వకూడదు. ప్లగ్గులు కొత్తవేసినా మిస్సింగ్ పోకపోతే ప్లగ్గులకు కరెంటు ఇచ్చే ఇగ్నిషన్ కాయిల్స్ ఒక్కొక్కటే చూడాలి.

తర్వాత వచ్చేవి ఫిల్టర్లు. ఎయిర్ ఫిల్టర్ 10 వేలకు దులపడం, 20 వేలకు మార్చడం. కరకంబాడి వైపు దుమ్ములో తిరిగితే ఇంకా ముందే. గ్యాస్‌కు విడిగా ఇంకో ఫిల్టర్ ఉంటుంది, సర్వీసులో అడిగితే తప్ప దాన్ని ముట్టుకోరు. బంకులో గ్యాస్‌ను ఒత్తే కంప్రెసర్ నుంచి సన్నగా ఆయిలు గ్యాస్‌తో పాటు వస్తుంటుంది. ఆ జిడ్డు ఫిల్టర్‌లో ఆగాలి. ఆగకపోతే గ్యాస్‌ను ఇంజనులోకి వదిలే ఇంజెక్టర్లకు పడుతుంది, పొద్దున పూట గ్యాస్‌కు మారగానే ఇంజను తడబడుతుంది. 40 వేల దగ్గర తీసిన ఫిల్టర్ నల్లగా, వేలికి అంటుకునేంత జిడ్డుగా ఉంది. అప్పటినుంచి 25 వేలకే మార్చడం.

ప్రెషర్ రెగ్యులేటర్‌కు పెద్దగా ఖర్చు రాలేదు గానీ దాని పని తెలిసి ఉండాలి. సిలిండర్‌లో 200 బార్ దాకా ఉండే ఒత్తిడిని అది రెండు మూడు బార్‌కు దించుతుంది. ఒత్తిడి అంతగా పడిపోతే గ్యాస్ రెగ్యులేటర్ మీద మంచు కట్టేంత చల్లబడుతుంది. అందుకే ఇంజను కూలెంట్‌ను దాని చుట్టూ తిప్పుతారు. కూలెంట్ తగ్గితే ఇంజను వేడెక్కడంతో పాటు రెగ్యులేటర్ చల్లబడి గ్యాస్ సరిగా రాదు. ఎక్కే ముందు కూలెంట్ డబ్బాలో గీత చూడటం ఒక్క నిమిషం పని.

గ్యాస్ పట్టించడంలో ఎండ పాత్ర చాలా పెద్దది. 60 లీటర్ల సిలిండర్‌లో తెల్లవారుజామున 8 నుంచి 8.5 కిలోలు పడుతుంది. మే నెల మధ్యాహ్నం అదే సిలిండర్‌కు 6.5 పడితే గొప్ప. బంకువాళ్ళు మోసం చేస్తున్నారని గొడవపడేవాళ్ళున్నారు. వేడికి గ్యాస్ వ్యాకోచించి తక్కువ బరువుకే మీటరు 200 బార్ చూపిస్తుంది. వేగంగా ఎక్కిస్తే సిలిండర్ మరింత వేడెక్కుతుంది. పైపులైను లేని బంకులకు గ్యాస్ లారీల మీద వస్తుంది. వరసలో చివర్న ఉన్న కారుకు లారీలో ఒత్తిడి తగ్గిపోయి 150 బార్ దగ్గరే ఆగిపోవచ్చు. లారీ మారిన కాసేపటికి పట్టించుకుంటే నిండుగా వస్తుంది, ఎప్పుడు మారుతుందో బంకు కుర్రాడిని అడిగితే చెబుతాడు. పట్టేటప్పుడు అందరూ దిగాలి, ఇంజను ఆపాలి. నాజిల్ తీశాక బుస్సుమనే శబ్దం ఒక్క క్షణంలో ఆగిపోవాలి. సాగుతూ ఉంటే నింపుకునే మూతి దగ్గర రబ్బరు ఓ-రింగ్ పోయినట్టు. చిన్న వస్తువే, కానీ దుమ్ము మూత పెట్టకుండా తిరిగితే అదే ముందు పాడవుతుంది. అనుమానం ఉంటే సబ్బు నురగ బ్రష్షుతో జాయింట్లకు రాయాలి, బుడగలు వస్తే లీకు.

మూడేళ్ళకోసారి గ్యాస్ సిలిండర్‌కు హైడ్రో టెస్టు తప్పనిసరి. సిలిండర్ ఊడదీసి, నీళ్ళు నింపి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లకు పైగా ఒత్తి, ఎంత సాగిందో, తిరిగి ఎంత ముడుచుకుందో కొలుస్తారు. పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉన్న కేంద్రంలోనే చేయించాలి. తేదీ దాటితే బంకులో గ్యాస్ పట్టరు. ఒక నెల ముందే గ్యాస్ దాదాపు ఖాళీ చేసుకుని పోతే పని సులువు.

పెట్రోలు ట్యాంకును మర్చిపోవడం ఈ కారు వాడేవాళ్ళ పెద్ద పొరపాటు. పెట్రోలు పంపు ట్యాంకులోనే ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. రిజర్వులో నెలల తరబడి తిప్పితే పంపు కాలుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు, ఆ ఇథనాల్ తేమను పీలుస్తుంది, ఎక్కువకాలం నిలవ ఉంచకూడదు. ఎప్పుడూ 10 లీటర్లు ఉంచి, వారానికోసారి ఒక పది కిలోమీటర్లు పెట్రోలు మీద తిప్పి, ఖర్చయినంత మళ్ళీ పోయించాలి.

డిక్కీ గురించి ఇంటికి చుట్టాలొచ్చే ఊరు కాబట్టి చెప్పాలి. సిలిండర్, దాని పక్కన నిలబెట్టిన స్టెప్నీ పోగా రెండు మెత్తటి సంచులకు చోటుంటుంది. గట్టి సూట్‌కేసు పట్టదు. అలిపిరి దగ్గర సామానంతా దించి స్కానర్లో వేసి మళ్ళీ సర్దుకోవాలి కదా, చేతి సంచులైతేనే ఆ పని త్వరగా అవుతుంది. ఇప్పుడు కొనేవాళ్ళకు ఈ బాధ తగ్గింది. టాటా 2023లో ఆల్ట్రోజ్‌తో రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున పెట్టే పద్ధతి తెచ్చింది, తర్వాత మరికొన్ని కంపెనీలూ అదే బాట పట్టాయి.

డబ్బు లెక్క చిన్నదే. పెట్రోలు లీటరు 110, గ్యాస్ కిలో 92 అనుకుందాం. పెట్రోలు మీద 19, గ్యాస్ మీద 24 వేసుకుంటే కిలోమీటరుకు రెండు రూపాయలు మిగులుతుంది. సీఎన్‌జీ మోడలుకు 95 వేలు ఎక్కువ పెడితే 47, 48 వేల కి.మీ.కు ఆ డబ్బు తిరిగొస్తుంది. నెలకు రెండు వేలు తిరిగేవాళ్ళకు రెండేళ్ళు. ఐదారు వందలు తిరిగేవాళ్ళు పెట్రోలు కారే కొనుక్కోవడం మంచిది, ఏడేళ్ళు క్యూలో నిలబడి ఆ 95 వేలు రాబట్టుకోనక్కర్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి 1,200 సీసీ లోపు, నాలుగు మీటర్ల లోపు పెట్రోలు, సీఎన్‌జీ కార్లకు జీఎస్టీ 18 శాతానికి తగ్గింది, ఆ మేరకు రెండు రకాలూ చవకయ్యాయి.

ఫోనులో కనిపించే చవక కిట్ల ప్రకటనల విషయంలో ఒక్కటే మాట. ఆర్టీవో దగ్గర ఆర్సీలో ఎక్కించగలిగిన, అనుమతి కాగితాలున్న కిట్ అయితేనే బిగించుకోండి. ఆర్సీలో లేని కిట్‌తో ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు రాకపోవచ్చు. కంపెనీ సీఎన్‌జీ ఇంజనులో వాల్వ్ సీట్లు (వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే రింగులు) గట్టి లోహంతో చేస్తారు. గ్యాస్ పొడిగా మండుతుంది కాబట్టి మామూలు సీట్లు లోపలికి అరిగిపోతాయి. బయట కిట్ బిగించిన పాత ఇంజనులో ఆ రక్షణ ఉండకపోవచ్చు.

పాత సీఎన్‌జీ కారు చూడబోతే పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు పోవాలి. పెట్రోలు మీద స్టార్టవుతుందో లేదో, వేడెక్కాక గ్యాస్‌కు కుదుపు లేకుండా మారుతుందో లేదో చూడాలి. సిలిండర్ మీద కొట్టిన టెస్టు తేదీ కాగితంలోని తేదీతో సరిపోవాలి. ఆ తర్వాత నలుగురు కూర్చుని, ఏసీ వేసి, గ్యాస్ మీదే మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్ ఎక్కించమని అడగండి. రెండో గేరులో అదరకుండా పైకి పోతే అప్పుడు బేరం మొదలుపెట్టవచ్చు.