స్పెయిన్ తీరంలో చేప తినబోయే వారికి హెచ్చరిక: తూకం, ధర తెలియకుండా తల ఊపకండి

ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతానికి కారులో వెళ్లాలనుకుంటున్న మన వాళ్లందరికీ ముందుగానే చెప్పవలసిన మాట ఒకటుంది. అక్కడి తీరపు భోజనశాలల్లో పెద్ద చేపలను పళ్లెం లెక్కన కాక కిలో లెక్కన అమ్ముతారు. కిలో ధర ఎంతో, మనకు వండబోయే చేప బరువు ఎంతో అది నిప్పుల మీదికి వెళ్లకముందే తెలుసుకోకపోతే, తిన్న తరువాత వాళ్లు చెప్పిందే తూకం, వేసిందే ధర అవుతుంది. గత సెప్టెంబరులో మాకు సరిగ్గా అదే జరిగింది.

మేము జర్మనీలో ఉంటాము. మా అత్తమామలు నరసాపురం నుంచి వచ్చి ఉన్నారు కనుక నలుగురమూ బిల్బావో దాకా విమానంలో వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని, తీరం వెంట సాన్ సెబాస్టియన్ వరకూ, అక్కడి నుంచి లోపలికి రియోహా ద్రాక్షతోటల వరకూ తిరిగాము. మూడో రోజు రాత్రి ఒక చిన్న రేవు పట్టణంలో, నీటి అంచున బల్లలు వేసిన భోజనశాలలో కూర్చున్నాము. వడ్డించే మనిషి ఎంతో మర్యాదగా, ఆ రోజు రోదబాయో, అంటే టర్బాట్ అనే బల్లపరుపు చేప, చాలా బాగుందనీ, ఒక్కటే నలుగురికీ సరిపోతుందనీ చెప్పాడు. ధరల పట్టికలో ఆ చేప పేరు ఎదురుగా అంకె లేదు, ‘ఎస్ ఎం’ అని రెండక్షరాలు మాత్రమే ఉన్నాయి. బజారు ధరను బట్టి అని వాటి అర్థం. నేను సరేనన్నాను.

మా మామగారు గోదావరి ఒడ్డున పుట్టిన మనిషి. చేప మొప్ప ఎత్తి చూడకుండా, కాటా ముల్లు నిలిచేదాకా కళ్లప్పగించి చూడకుండా ఏనాడూ చేప కొని ఎరుగరు. ఆయన మెల్లగా, “బాబూ, చేపను చూపించరా? తూకం మన ముందు వెయ్యరా?” అని అడిగారు. “ఇక్కడ అలా అడగరు మామయ్యగారూ” అని నేను ఆయనను ఆపాను. అడగవలసినదే ఆయన అడిగారు, అడ్డుపడినది నేను. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో ముల్లులా ఉంది.

బిల్లులో చేప 2.4 కిలోలు, కిలో 92 యూరోల లెక్కన 220.80 యూరోలు అని రాసి ఉంది. మేము అడగకుండానే తెచ్చి పెట్టిన రొట్టెకు మనిషికి రెండున్నర చొప్పున 10, రెండు నీళ్ల సీసాలకు 9, ముందు తెప్పించుకున్న పచ్చళ్లకూ మిరపకాయల వేపుడుకూ 31, చకోలి వైన్ సీసాకు 26, అన్నీ కలిపి 296.80 యూరోలు అయింది. పచ్చి చేపను తలతో సహా తూచి లెక్క కట్టడం అక్కడి పద్ధతే, అందులో తప్పు లేదు. కాని మా బల్ల మీదికి వచ్చిన చేప తలా ముల్లూ కలుపుకున్నా కిలోన్నర మించదని మామగారు చూడగానే అన్నారు. అది సముద్రంలో పట్టినదా, పెంచినదా అని అడిగితే సూటిగా జవాబు రాలేదు. ఈ ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకంటే అదే ఉత్తర తీరంలో పడమటి కొసన ఉన్న గలీసియాలో ఈ చేపను పెద్ద ఎత్తున పెంచుతారు, పెంచిన చేప ధర సముద్రపు చేప ధర కంటే చాలా తక్కువ.

నేను ‘ఓహా దె రెక్లమాసియోనెస్’, అంటే ఫిర్యాదు పత్రం, ఇమ్మని అడిగాను. స్పెయిన్‌లో ప్రతి భోజనశాలా దీనిని సిద్ధంగా ఉంచి, అడిగిన వారికి ఇచ్చి తీరాలి. మొదట లేదన్నారు. లేదన్న మాటే కాగితం మీద రాసి ఇమ్మని అడిగేసరికి యజమాని లోపలి నుంచి వచ్చి, రొట్టె డబ్బు 10 యూరోలు తీసివేసి, పత్రం కూడా తెచ్చి ఇచ్చాడు. చేప సంగతి మాత్రం మాట్లాడలేదు.

మరునాడు గెతారియాలో తిన్న భోజనం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే సరైన పద్ధతి ఎలా ఉంటుందో అక్కడే తెలిసింది. ఆ ఊళ్లో బొగ్గుల పొయ్యిలు వీధిలోకే ఉంటాయి, చేపను ఇనుప తీగల చట్రంలో బిగించి నిప్పుల మీద తిప్పుతుంటారు. మేము అడగకముందే వడ్డించేవాడు పచ్చి చేపను పళ్లెంలో తెచ్చి చూపించి, 1.3 కిలోలు ఉందనీ, మొత్తం ఇంత అవుతుందనీ చెప్పి, మేము సరే అన్నాకనే తీసుకువెళ్లాడు. కాల్చిన చేపను మా ఎదుటే విప్పి, నల్ల చర్మం వైపు కండ, తెల్ల చర్మం వైపు కండ, బుగ్గ, దవడ కింది మెత్తని ముక్క వేరువేరుగా పెట్టి, రెక్కల అంచున ఉండే జిగురు ముళ్లను చేత్తో పట్టుకుని చీకాలని సైగ చేసి చూపించాడు. మామగారికి ఎవరూ చూపించనక్కరలేదు, అప్పటికే ఒకటి చేతిలోకి తీసుకున్నారు. పళ్లెంలో మిగిలిన నూనె, వెనిగర్, చేప జిగురు కలిసి చిక్కబడిన ఆ పులుసును రొట్టెతో తుడుచుకుని తిన్నాము. ముందు రాత్రి కంటే ఎంతో తక్కువ ఖర్చయింది, రుచికి పోలికే లేదు.

కాబట్టి రెండు ప్రశ్నలు నోటికి పట్టించుకుని వెళ్లండి. ‘క్వాంతో ఎస్ ఎల్ కీలో?’ అంటే కిలో ఎంత అని, ‘క్వాంతో పేసా?’ అంటే బరువు ఎంత అని. ఎముకతో కాల్చే చులెతా అనే పెద్ద గొడ్డుమాంసపు ముక్కను కూడా కిలో లెక్కనే అమ్ముతారు కనుక అది తినేవారికీ ఇవే ప్రశ్నలు పనికి వస్తాయి. ఆపిల్ సైడర్, అంటే ఆపిల్ పండ్ల మద్యం, తయారుచేసే ఆస్తిగర్రాగా వంటి చోట్ల, జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగే కాలంలో, సాధారణంగా మనిషికి ఇంత అని ఒకే ధరకు కాడ్ చేప ఆమ్లెట్టు, చులెతా, ఇదియాసాబాల్ జున్ను (చీజ్), అక్రోట్లు పెడతారు, అక్కడ ఈ బెడద తక్కువ. ‘చోచ్’ అని కేక వినపడినప్పుడల్లా పీపా దగ్గరికి వెళ్లి గ్లాసు పట్టడమే కనుక ఎంత తాగామో లెక్క తెలియదు, కారు నడిపేవారు తాగకుండా ఉండడమే మంచిది.

నీళ్ల సీసాలకు డబ్బు పెట్టనవసరం లేదు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం భోజనశాలలు కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, ‘ఉనా హార్రా దె ఆగ్వా’ అని అడిగితే కూజాతో తెస్తారు. పట్టికలో రాసే ధరలో పన్ను కలిసే ఉండాలి, చివర మళ్లీ పది శాతం కలిపితే ఒప్పుకోకండి. శాకాహారులకు ఒక మాట: ‘వెహెతాల్’ అని రాసిన సాండ్‌విచ్ మాంసం లేనిదనుకుని శనివారం నీచు ముట్టని మా అత్తగారికి తెప్పించాము, లోపల ట్యూనా చేప, గుడ్డు ఉన్నాయి. ఆవిడ పాపం ఆ పూట పండ్లతో సరిపెట్టుకున్నారు.

పంది తొడ మాంసం హామోన్ కొనేవారు గిట్ట దగ్గర కట్టిన బిళ్ల రంగు చూడండి. 2014 నుంచి ఐబీరియన్ జాతి హామోన్‌కు నాలుగు రంగులు నిర్ణయించారు. సింధూర (ఓక్) చెట్ల కాయలు మేసి పెరిగిన నూరుపాళ్ల ఐబీరియన్ పందికి నలుపు, అవే కాయలు మేసిన సంకర జాతికి ఎరుపు, బయట తిరుగుతూ దాణా కూడా తిన్నదానికి ఆకుపచ్చ, దొడ్లో దాణా తిని పెరిగినదానికి తెలుపు. ‘పాతా నేగ్రా’, అంటే నల్ల గిట్ట, అనే పేరు నల్ల బిళ్లకే చెల్లుతుంది. తిరుగు దారిలో ఒక దుకాణంలో ఆ పేరే చెప్పి మాకు తెల్ల బిళ్ల తొడ నుంచి కోయబోయారు. ఈసారి మామగారు వేలు పెట్టి బిళ్ల చూపించారు, నేను ఆయనను ఆపలేదు.

మా బిల్లు, ఫిర్యాదు పత్రం ప్రతి, తిన్న చేప ఫొటో జతచేసి బాస్క్ వినియోగదారుల సంస్థ కొంత్సుమోబిదెకు పంపాము. ఇంకా జవాబు రాలేదు.