లియోన్‌లో జకార్డ్ ఊరు: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

జకార్డ్ అంటే మన ధర్మవరం నేతగాళ్ళకి మనిషి కాదు, బట్టలో డిజైన్ పడేలా మగ్గం పైన పెట్టే పెట్టె, దాని మీద తిరిగే చిల్లుల అట్టలు. ఆ మనిషి మాత్రం ఫ్రాన్స్‌లోని లియోన్‌లో 1752లో ఓ నేత కుటుంబంలో పుట్టాడు. పారిస్ నుంచి టీజీవీ అనే ఫాస్ట్ రైల్లో రెండు గంటలే కాబట్టి వెళ్ళొచ్చాం.

చూడాల్సినదంతా క్రువా-రూస్ అనే కొండ మీద ఉంది. మెట్రో సి లైన్ పళ్ళపట్టా మీద కొండెక్కుతుంది, పిల్లలకి భలే నచ్చుతుంది. పైన చౌరస్తాలో జకార్డ్ విగ్రహం ఉంది, ఒక ఫొటో దిగి కదలండి.

టైమంతా పెట్టాల్సింది మెజోన్ దె కాన్యూ అనే చిన్న మ్యూజియంలో (కాన్యూ అంటే లియోన్ పట్టు నేతగాళ్ళు). చేతి మగ్గాల మీద పట్టు నేసి చూపిస్తారు. నాకు ఫ్రెంచి ముక్క రాదు, అయినా మగ్గం ఆడుతుంటే భాషతో పనేముంది! తొక్కుడు చెక్క నొక్కగానే అట్ట వచ్చి సూదులకి ఆనుతుంది. చిల్లు ఉన్నచోట సూది దూరిపోయి, దాని కొక్కెం పడుగు దారాన్ని (బట్టలో నిలువుగా ఉండే దారాన్ని) పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెట్టేస్తుంది, ఆ దారం కిందే ఉండిపోతుంది. ఇంతకుముందు ఈ దారాలు లాగడానికి మగ్గం పక్కన ఇంకో మనిషి ఉండాలి, చాలాసార్లు చిన్నపిల్లలే. 1804 ప్రాంతంలో జకార్డ్ ఆ పనిని అట్టలకి అప్పగించాడు. అంతా ఆయన బుర్రే అనుకోకండి, అంతకు అరవై ఏళ్ళ ముందే వోకన్సాన్ అనే ఫ్రెంచి యంత్రాల తయారీదారు ఇలాంటి మగ్గం చేశాడు. 1839లో జకార్డ్ బొమ్మనే పట్టులో నేశారు, దానికి సుమారు 24,000 అట్టలు పట్టాయట. కంప్యూటర్‌కి బాట వేసిన బాబేజ్ ఆ పట్టు బొమ్మల్లో ఒకటి తెప్పించుకుని దాచుకున్నాడు.

బస కూడా కొండ మీదే చూసుకోండి. మేం దిగింది పాత నేత ఇల్లు: జకార్డ్ మగ్గం నిలబడాలని సీలింగ్ నాలుగు మీటర్ల ఎత్తున కట్టారు, ఇప్పుడా ఎత్తులో చెక్క అటక వేసి పరుపు పరిచారు. చూడ్డానికి బాగుంది గానీ లిఫ్ట్ లేదు, ఆ సంగతి బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు, సూట్‌కేసులతో నాలుగంతస్తులు ఎక్కేసరికి మా అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. పెద్దవాళ్ళుంటే స్టేషన్ దగ్గర హోటలే నయం.

తిండి శాకాహారులకి కష్టమే. కమ్మటి వాసనుండే ఆకులు, వెల్లుల్లి కలిపిన మెత్తటి చీజ్ ఒకటుంది, సెర్వెల్ ద కాన్యూ, బ్రెడ్‌తో బాగుంటుంది.

సాయంత్రం ఇళ్ళ మధ్యనుంచి పోయే ట్రబూల్ దారుల్లో కిందికి దిగండి. కూలి రేట్ల కోసం 1831లోనూ 1834లోనూ నేతగాళ్ళు తిరగబడింది ఈ కొండ మీదే. అక్కడ జనం కాపురాలుంటారు, గట్టిగా మాట్లాడొద్దు.

జకార్డ్ 1834లో చనిపోయిన ఊలాన్ శివారుకి వెళ్ళకపోయినా నష్టం లేదు. ఆ సగం రోజు పారిస్‌లో ఆర్ట్స్ ఎ మెతియే మ్యూజియంకి మిగుల్చుకోండి, వోకన్సాన్ మగ్గం అక్కడుంది. వీలైతే లియోన్ కన్నా ముందే అది చూడండి, జకార్డ్ ఏది మార్చాడో ఇట్టే తెలిసిపోతుంది.