ఎలక్ట్రిక్ బ్రష్‌తో మూడేళ్లు: నా చిగుళ్లలో వచ్చిన తేడా

2021 చివర్లో పళ్లు తోముకున్న ప్రతిసారీ ఉమ్మితో పాటు రక్తం వచ్చేది. బెంగళూరు మారతహళ్లిలో ఇంటి దగ్గరే ఉన్న పళ్ల డాక్టర్ సన్నటి పుల్లలాంటి పరికరంతో చిగురుకీ పంటికీ మధ్య లోతు కొలిచారు. 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే మామూలే. నాకు వెనక దంతాల దగ్గర రెండు చోట్ల 5 ఉంది. ఎడమవైపు పై కోరపన్ను మీద చిగురు పైకి జరిగిపోయి, కింద పసుపు రంగు భాగం బయటపడింది. "మీరు తోమడం లేదు, రుద్దుతున్నారు" అన్నారావిడ. ఇరవై ఏళ్లుగా గట్టి కుచ్చు బ్రష్‌తో అడ్డంగా బలం పెట్టి తోమడమే శుభ్రం అనుకున్నాను.

ముందు స్కేలింగ్, అంటే డాక్టర్ దగ్గర పళ్ల గార తీయించే క్లీనింగ్, చేయించుకున్నాను. గట్టిపడిన గార ఏ బ్రష్‌తోనూ పోదు, ఎంత ఖరీదైనది కొన్నా పోదు. అందుకే బ్రష్ కొనే ముందు క్లీనింగ్ చేయించుకోమని అందరికీ చెబుతాను.

తర్వాత ఆరు నెలలు మామూలు సాఫ్ట్ బ్రష్షే వాడాను. చిగురు అంచుకి 45 డిగ్రీల వాలుగా ఆనించి, చిన్నగా కదిపి, పంటి మీదికి దించాలి. ఈ పద్ధతితో రక్తం చాలావరకు తగ్గింది. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే ఎలక్ట్రిక్ బ్రష్ లేకపోతే చిగుళ్లు బాగుపడవని నేను నమ్మను. అయితే ఆఫీసుకి ఆలస్యమైన రోజున, రాత్రి నిద్ర ముంచుకొచ్చినప్పుడు చెయ్యి మళ్లీ పాత దారే పట్టేది.

2022 మధ్యలో గుండ్రటి తలతో అటూ ఇటూ తిరిగే రకం ఎలక్ట్రిక్ బ్రష్ కొన్నాను. గట్టిగా నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది. మొదటి వారం ఆ లైటు దాదాపు ప్రతి పూటా వెలిగేది, అదీ ఎక్కువగా ఆ కోరపన్ను దగ్గరే. చిగురు ఎందుకు జరిగిందో డాక్టర్ చెప్పినప్పటికంటే అప్పుడు బాగా అర్థమైంది. నెల తిరిగేసరికి లైటు వెలగడం మానేసింది. జరిగిన చిగురు తిరిగి కిందికి రాదు, కానీ మూడేళ్లలో అక్కడ ఇంకా జరగలేదు.

ఈ బ్రష్‌తో నాకు కలిగిన రెండో ఉపయోగం టైమర్. నోటిని నాలుగు భాగాలు చేసుకుని ఒక్కోదానికి 30 సెకన్లు, మొత్తం రెండు నిమిషాలు. ఒకసారి మదనపల్లెకి వెళ్తూ బ్రష్ ఇక్కడే మర్చిపోయాను. అక్కడ మామూలు బ్రష్‌తో తోముతూ ఫోన్‌లో టైం చూస్తే 50 సెకన్లకే అయిపోయింది! రెండు నిమిషాలూ తోమాననే నాకు అనిపించింది. మూడు వారాలు అలాగే గడిచాక వెనక పళ్ల దగ్గర మళ్లీ కొంచెం రక్తం కనిపించింది.

వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కోక్రేన్ అనే సంస్థ 2014 నాటి సమీక్షలో 56 ప్రయోగాల ఫలితాలను చూసింది. మూడు నెలలకు మించి వాడినవాళ్లలో ఎలక్ట్రిక్ బ్రష్ మామూలుదాని కంటే పాచిని 21 శాతం, చిగుళ్ల వాపును 11 శాతం ఎక్కువ తగ్గించింది. నా అనుభవం కూడా అంతే. తేడా ఉంది, కానీ అద్భుతం కాదు.

నిజంగా అవసరం ఉన్నది మా అమ్మకి. కీళ్ల నొప్పులతో వేళ్లు సరిగ్గా ముడవలేదు, పైగా షుగర్. చిగుళ్ల జబ్బు, షుగర్ ఒకదాన్నొకటి పెంచుతాయి కాబట్టి నాకు ఆ టెన్షన్ ఎప్పుడూ ఉండేది. బెంగళూరు వచ్చినప్పుడు తనకీ ఒకటి కొన్నాను. మొదటిరోజు "ఏందిరా ఇది, నోట్లో తుమ్మెద దూరినట్టుంది" అని తీసి పక్కన పెట్టింది. "తోమొద్దమ్మా, పంటికి ఆనించి ఊరికే పట్టుకో, అదే తిరుగుతుంది" అని పక్కన నిలబడి చూపించాను. పిడి లావుగా ఉండటంతో పట్టు దొరికింది. ఇప్పుడు ఊళ్లో కూడా అదే వాడుతోంది.

ఇబ్బందులు లేకపోలేదు. బ్రష్ తల తీసి చూస్తే కింద నల్లగా పేస్టు పేరుకుని ఉంటుంది, వారానికోసారి కడగాల్సిందే. మూడు నెలలకోసారి తల మార్చాలి, ఒక్క తల డబ్బుతో మామూలు బ్రష్‌లు నాలుగైదు వస్తాయి. ఇంట్లో నలుగురికీ అంటే భారమే. పిల్లలకి నేను ఇంకా మామూలు సాఫ్ట్ బ్రష్షే ఇస్తున్నాను, పక్కన నిలబడి తోమిస్తున్నాను.

పళ్ల సందుల్లోకి ఏ బ్రష్షూ పూర్తిగా వెళ్లదు. రాత్రిపూట సందుల కోసం వచ్చే చిన్న బ్రష్ వాడటం మొదలుపెట్టాకే 5 ఉన్న రెండు చోట్లలో ఒకటి 3కి వచ్చింది. రెండోది ఇంకా 4 దగ్గరే ఉంది. ఆరు నెలలకోసారి వెళ్లి కొలిపించుకుంటున్నాను.