ఎండిన బత్తాయి తోటలో మొద్దులు తీయించిన పని: దేవరకొండ వైపు ఒక చైన్ మెషీన్ సేవపై సమీక్ష

బోర్లు ఎండి బత్తాయి తోట పోగొట్టుకున్న రైతులు నల్లగొండ జిల్లాలో దేవరకొండ, చింతపల్లి, నాంపల్లి వైపు చాలామంది ఉన్నారు. ఆ భూమిని మళ్లీ సాగులోకి తెచ్చుకోవాలనుకునే వారికి పనికొస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఏళ్ల తరబడి బీడుగా ఉన్న మా ఎర్ర చెలకలో ఎండిన బత్తాయి మొద్దులు వరుసల్లో అలాగే మిగిలి ఉండగా, వాటి మధ్య సర్కారు తుమ్మ, పరికి కంప, తంగేడు మనిషి దూరలేనంతగా అల్లుకున్నాయి. వాటిని తొలగించడానికి చైన్ మీద నడిచే ఒక ఎక్స్‌కవేటర్‌ను ఆపరేటర్‌తో సహా కిరాయికి మాట్లాడాను. మొద్దులు తీయడంలో ఆ పని చాలా బాగుంది, కంప తొలగించడంలో బాగుంది, గుంతలు పూడ్చడంలో మాత్రం లోపముంది.

మా వైపు భూమి చదును అనగానే అందరూ ముందుగా పిలిచేది టైర్ల జేసీబీనే. నాకు దాని కిరాయి గంటకు 1,200 రూపాయలు చెప్పారు, చైన్ మెషీన్‌కు 2,000 చెప్పారు. తేడా ఎక్కువనిపించి ఒక మూలలో ముందు జేసీబీతోనే పని చేయించాను. ముందు బకెట్టును నేలకు ఆనించి నెట్టుకుంటూ పోవడం వల్ల కంప త్వరగానే పోయింది, కానీ దానితోపాటు పైమట్టి కూడా ఒడ్డుకు చేరింది. చెలక భూముల్లో పంటకు పనికొచ్చే మట్టి పైన ఉండే పలుచని పొర మాత్రమే, దాని కింద ఉండేది మొరం. ఆ పొర ఒడ్డు మీద కుప్పగా పడితే పొలంలో మిగిలిన నేలకు ఎంత పశువుల ఎరువు తోలినా ఆ సత్తువ వెంటనే తిరిగి రాదు. చైన్ మెషీన్ ఒకచోట నిలబడి, చుట్టూ తిరుగుతూ, పొదను బకెట్టు పళ్లతో మొదట్లో పట్టి పైకి లేపి, వేర్లకు అంటుకున్న మట్టిని అక్కడే దులిపి, కంపను మాత్రమే పక్కన పెడుతుంది. అంతేకాక సర్కారు తుమ్మ ముళ్లు ట్రాక్టరు టైర్లను కూడా పంక్చరు చేయగలవు కాబట్టి, దట్టమైన కంపలో చైన్ మీద నడిచే యంత్రానికే నిశ్చింత ఎక్కువ.

ఈ సేవలో నేను ముఖ్యంగా మెచ్చుకునేది సర్కారు తుమ్మ మొద్దులు తీసిన తీరును. 1870వ దశకంలో వంటచెరకు కోసం కడప ప్రాంతానికి తెప్పించిన ఈ చెట్టు, తరువాత మన బీళ్లను, చెరువు శిఖాలను, కాలువ గట్లను ఎంతగా ఆక్రమించిందో అందరం చూస్తున్నాము. దీన్ని గొడ్డలితో నేలమట్టానికి నరికితే చావదు. కాండం వేరుగా మారే చోట, నేలలోపల ఉండే ముడి నుంచి ఒక కొమ్మకు బదులు పది కొమ్మలు లేస్తాయి. అందుకే కూలీలతో కొట్టించిన పొలాలు రెండో ఏటికే మునుపటికన్నా దట్టంగా తయారవుతాయి. ముడి మొత్తం బయటికి వస్తే, కింద లోతుకు పోయిన తల్లివేరు తెగి మిగిలిపోయినా నష్టం లేదు. మా పనికి వచ్చిన ఆపరేటర్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అతడు మొద్దును ఒక్కసారిగా పెకలించబోలేదు. మూడు వైపులా తవ్వి పక్కవేర్లను తెంపి, నాలుగో వైపు నుంచి బకెట్టును మొద్దు కిందికి పోనిచ్చి మెల్లగా ఎత్తాడు. తొందరపడి లాగితే కాండం విరిగి ముడి నేలలోనే ఉండిపోతుంది. పెద్ద మొద్దుల దగ్గర అతడు తీసుకున్న సమయం చూసి మీటరు తిరుగుతోందని మొదట్లో ఆందోళన కలిగింది, కానీ వర్షాలు పడ్డాక ఆ వరుసల్లో మళ్లీ చిగురు కనిపించకపోవడంతో ఆ సమయం విలువ తెలిసింది. జేసీబీతో చేయించిన మూలలో మాత్రం చాలాచోట్ల చిగురు లేచింది.

నేలలో మిగిలిన గింజల నుంచి మొక్కలు రావడం వేరే విషయం. ఈ చెట్టు కాయలను మేకలు, పశువులు తిని గింజలను పెంటలో విడుస్తాయి, ఆ గింజలు ఏళ్ల తరబడి నేలలో నిలవ ఉంటాయి. తొలకరి తరువాత మొలిచిన వాటిని లేతగా ఉండగానే పీకించుకోవలసింది రైతే, దానికి యంత్రాన్ని తప్పుపట్టలేము.

బత్తాయి మొద్దులు తీయడం తేలికే, వాటి వేర్లు ఎక్కువగా పైమట్టిలోనే పరచుకొని ఉంటాయి. అయితే వాటిని వదిలేయడం మాత్రం ప్రమాదకరం. కుళ్లుతున్న వేర్లలో చెదలు చేరతాయి, వేరుకుళ్లు తెగులు కలిగించే శిలీంద్రాలు నిలుస్తాయి, అదే చోట మళ్లీ సాత్‌గుడి రకం బత్తాయి అంటు నాటితే దానికీ అంటుకుంటాయి. అందుకని బొటనవేలి లావున్న వేర్లను కూడా కూలీలతో ఏరించాను. కొత్త తోట వెంటనే పెట్టకుండా ఈ వానాకాలం జనుము చల్లి కలియదున్నించాను.

పని మొదలుపెట్టే ముందు ఆపరేటర్ నాతో కలిసి పొలమంతా నడిచాడు. కంపలో కప్పుబడిపోయిన పాత బోరు కేసింగ్ పైపు, హద్దు రాళ్లు, నేలలో ఉన్న పైపులైను ఎక్కడున్నాయో అడిగి, వాటి దగ్గర కర్రలు పాతించాడు. మూత లేని పాత బోర్లు ఎంత ప్రాణాంతకమో మన జిల్లాలో ఎవరికీ వివరించనక్కరలేదు, కాబట్టి ఈ జాగ్రత్త ఒక్కటే ఈ సేవను సిఫారసు చేయడానికి చాలినంత కారణం. ఒడ్డు మీది వేపచెట్లను కూడా తీయాలా అని అడిగి, తీసేటట్లయితే నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన వాల్టా చట్టం కింద అనుమతి తెచ్చుకోవాలని అతడే గుర్తుచేశాడు. 2002 నాటి ఆ చట్టం పట్టా భూమిలోని చెట్లకు కూడా వర్తిస్తుంది. వేపలను అలాగే ఉంచాము.

ఇక లోపం విషయానికి వస్తే, మొద్దులు తీసిన గుంతల్లో మట్టిని పైపైన నెట్టి వదిలేశారు, పొరలు పొరలుగా వేసి బకెట్టుతో అదమలేదు. మొదటి పెద్ద వానకే ఆ చోట్లు దిగబడి నీళ్లు నిలిచాయి, ట్రాక్టరు ఒకటి రెండు చోట్ల కూరుకుపోయింది. కొన్ని గుంతల్లో అడుగున ఉండవలసిన మొరం పైకి వచ్చింది. ఈ విషయం యజమానికి ఫోనులో చెబితే, పూడ్చడం వేరే పని అని, దానికి మళ్లీ గంటల లెక్కన ఇవ్వాలని అన్నారు. ముందే మాట్లాడుకోలేదు కాబట్టి వాదించలేకపోయాను, అయినా తవ్విన గుంతను సరిగా పూడ్చడం ఆ పనిలో భాగమేనని నా గట్టి అభిప్రాయం.

డబ్బు లెక్కలో ఇబ్బంది పెట్టలేదు. యంత్రంలోని గంటల మీటరును పని మొదట్లోనూ చివర్లోనూ ఇద్దరమూ చూసి రాసుకున్నాము. డీజిల్ వారిదే, ఆపరేటర్ బత్తా, యంత్రాన్ని తెచ్చే ట్రాలీ కిరాయి మనవి. తక్కువ భూమి ఉన్నవారికి ట్రాలీ కిరాయి భారమవుతుంది కనుక, పక్క పొలాల వారితో కలిసి ఒకేసారి పిలిపించుకోవడం లాభం. తుమ్మ కర్రను బొగ్గు బట్టీల వారు కొనుక్కుపోవడంతో ఖర్చులో కొంత తిరిగి వచ్చింది. ఆ కర్రను పొలంలోనే కాల్చేయమని కొందరు చెప్పినా నేను ఒప్పుకోలేదు, పెద్ద మంట కింది మట్టి మాడి గట్టిపడుతుంది.

నేల ఎండి రాయిలా ఉన్న ఏప్రిల్‌లో కాక, ఒక మంచి వాన పడి పదును కొంత ఆరిన తరువాత పిలిపిస్తే వేర్లు తెగకుండా వస్తాయి, గంటలూ తగ్గుతాయి. మాట్లాడుకునేటప్పుడే గుంతల పూడిక, అదమడం, మొరం అడుగునే ఉంచడం అదే కిరాయిలో చేయాలని కాగితం మీద రాయించుకోవాలి. మిగిలిన భూమికి నేను ఆ షరతు మీదనే, ఆ ఆపరేటరే వస్తాడని ఖాయం చేసుకొని, ఇదే యంత్రాన్ని మళ్లీ మాట్లాడాను.