టన్ను లోడు ఎలక్ట్రిక్ ట్రక్కు: సొంత బండి డ్రైవరుకు ఎంతవరకు పనికొస్తుంది?

రోజూ ఒకే రూటులో తిరిగి రాత్రికి సొంత చోటికి చేరే బండి కావాలంటే దీన్ని కొనొచ్చు. ఫోన్ మోగేదాకా ఎటు పోవాలో తెలియని కిరాయి బండిగా మాత్రం ఇంకా నమ్ముకోలేం.

బ్రోషరులోని రేంజ్ (ఒక్క ఛార్జికి నడిచే దూరం) టెస్టులో తేలిన లెక్క, దాన్ని పక్కన పెట్టండి. నిండు లోడుతో, ఆగుతూ సాగే రోడ్డు మీద కిలోమీటరుకు 0.2 నుంచి 0.25 యూనిట్లు తాగుతుంది (కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే). 21 యూనిట్ల బ్యాటరీలో అయిదో వంతు ముట్టకుండా ఉంచితే చేతికొచ్చేవి 17. అంటే 68 నుంచి 85 కిలోమీటర్లు. టన్ను బండికి టన్నున్నర ఎక్కించే డీజిల్ అలవాటు ఇక్కడ చెల్లదు. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు, కంట్రోలరు వేడెక్కి బండి తనంతట తానే పవర్ తగ్గించేసుకుంటుంది.

అసలు తంటా బండితో కాదు, గోడకున్న సాకెట్‌తో. 3.3 కిలోవాట్ల ఛార్జరు 230 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లకు పైగా లాగుతుంది, అదీ ఏడు గంటలు ఆపకుండా. ఇస్త్రీపెట్టెను తట్టుకున్న సాకెట్ దీన్ని తట్టుకోవాలని లేదు. స్క్రూ వదులైన చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. మీటరు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకరు (కరెంటు లీకైతే సరఫరా ఆపేసేది) పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ జోలికి పోవద్దు. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా ఛార్జర్లు అసలు మొదలే కావు. బండి పాడైందనుకుని సర్వీసుకు తోలుకుపోయే ముందు ఎర్త్ చూపించుకోండి. వోల్టేజి 180కి పడిపోయే ఊళ్లలో ఏడు గంటలు తొమ్మిదవుతాయి, తెల్లారి ట్రిప్పు పోతుంది.

ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది, ఎండకూ ఓర్చుకుంటుంది. కానీ ఛార్జి తగ్గుతున్నా దాని వోల్టేజి మధ్యలో దాదాపు కదలదు కాబట్టి ఛార్జి గేజీ లెక్క తప్పుతుంది. 30 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి 12కి జారుతుంది. వారానికోసారి నిదానంగా 100 దాకా ఎక్కిస్తే సర్దుకుంటుంది. నిండు ఛార్జితో ఘాటు దిగేటప్పుడు మాత్రం జాగ్రత్త: బ్యాటరీలో చోటు లేక రీజెన్ (మోటారే బండిని నెమ్మదింపజేస్తూ ఆ శక్తిని బ్యాటరీకి ఎక్కించే పద్ధతి) పనిచేయదు, భారమంతా కాలి బ్రేకు మీదే.

ఇంజిన్ ఆయిలు, క్లచ్ ఖర్చు లేదు. టైర్లు మాత్రం త్వరగా అరుగుతాయి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి స్టార్ట్ కాకపోతే ముందు చూడాల్సింది చిన్న 12 వోల్టుల బ్యాటరీని. పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్‌లు (కాంటాక్టర్లు) మూసుకునేది దాని కరెంటుతోనే.

సంతకానికి ముందు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోండి: అప్పు వాయిదాల గడువు, బ్యాటరీ వారంటీ గడువు. వాయిదాలు అయిదేళ్లు, వారంటీ మూడేళ్లు అయితే చివరి రెండేళ్లూ గండమే. సామర్థ్యం ఎంత శాతానికి పడితే మారుస్తారో, ఓవర్‌లోడు పడితే వారంటీ ఉంటుందో పోతుందో రాతలో అడగండి. టెస్ట్ డ్రైవ్‌కు ఖాళీ బండి ఇస్తామంటే ఒప్పుకోకండి. మీ సరుకే ఎక్కించి, మీ రూటులోనే తిప్పి, శాతం ఎంత తగ్గిందో రాసుకోండి.