ఫెమ్ బ్లీచ్ రివ్యూ: క్రీము గురించి కొంచెం, తీసేసిన యాడ్ గురించి ఎక్కువ

మాది రాజమండ్రిలో చిన్న బ్యూటీ పార్లర్. అట్లతద్ది దగ్గరపడితే బ్లీచ్‌కి గిరాకీ పెరుగుతుంది. నేను ఎక్కువగా వాడేది డాబర్ వాళ్ళ ఫెమ్ క్రీమ్ బ్లీచ్. క్రీము సంగతి ముందు చెప్పేస్తాను.

క్రీములో యాక్టివేటర్ పౌడర్ చిటికెడు వేసి ఉండలు లేకుండా కలపాలి. కళ్ళ చుట్టూ, కనుబొమ్మలు, పెదవులు వదిలేసి పలచగా రాయాలి. పది పదిహేను నిమిషాలాగి తడి దూదితో తుడిచేస్తే చెంపల మీదా, పై పెదవి మీదా ఉన్న నూగు లేత బంగారు రంగుకి తిరిగి కంటికి ఆనదు. అదే దాని పని, ఆ పని బాగానే చేస్తుంది. కాస్త చిమచిమలాడుతుంది కాబట్టి ముందురోజు మోచేతి మడత దగ్గర రాసి చూసుకోండి. థ్రెడింగ్ చేయించుకున్న రోజే బ్లీచ్ వద్దు. ఒంటి రంగు మాత్రం మారదు. "తెల్లగా అవుతానా అక్కా?" అని అడిగిన ప్రతి పిల్లకీ అవ్వవనే చెబుతాను, నా బేరం పోయినా సరే.

ఇక యాడ్. ఉత్తరాదిలో భార్య పగలంతా పస్తుండి, రాత్రి జల్లెడలోంచి చంద్రుణ్ణీ భర్త ముఖాన్నీ చూసే పండగ కర్వా చౌత్. 2021 అక్టోబర్లో ఆ పండగ కోసం ఈ క్రీముకే ఒక యాడ్ తీశారు. ఇద్దరమ్మాయిలు. ఒకమ్మాయి ముఖానికి రెండో అమ్మాయి బ్లీచ్ రాస్తూ ఉంటుంది. ఉపవాసం నువ్వెందుకుంటున్నావంటే నువ్వెందుకుంటున్నావని మాట్లాడుకుంటారు. ఇంట్లో పెద్దావిడ వచ్చి ఇద్దరికీ చీరలిస్తుంది. ఇక్కడిదాకా ఇద్దరు తోడికోడళ్ళో, స్నేహితురాళ్ళో అనుకుంటాం. రాత్రి డాబా మీద చంద్రుడొచ్చాక, జల్లెడలోంచి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఉపవాసం ఒకరి కోసం ఒకరు చేశారని అప్పుడు తెలుస్తుంది. "గ్లో విత్ ప్రైడ్" అని ముగించారు.

నాకు ఆ యాడ్‌లో బాగా పట్టింది జల్లెడ సీను కాదు. ముఖానికి క్రీము రాసే సీను. రోజూ ఆ పని చేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను, కళ్ళు మూసుకుని ముఖం ఇంకొకరి చేతిలో పెట్టడమంటే చాలా నమ్మకం ఉండాలి. కొత్త కస్టమర్ల మెడ బిగుసుకుపోయి ఉంటుంది, నాకు వేలికే తెలిసిపోతుంది. ఆడవాళ్ళిద్దరి ప్రేమని చూపించడానికి అంతకంటే మర్యాదైన, అంతకంటే దగ్గరి సీను నాకు తోచదు. ఆ చీరలిచ్చే పెద్దావిడని పెట్టినందుకు కూడా మెచ్చుకుంటాను. ఇంట్లో ఒక్క పెద్ద మనిషి సరేనంటే చాలు, మిగతా ఇల్లు మెల్లగా దారికొస్తుంది. పెళ్ళిళ్ళ సీజన్లో పార్లర్లో కూర్చుంటే ఇలాంటివి ఎన్ని వింటామో.

లోపం లేదా అంటే ఉంది. ఇద్దరూ తెల్లటి అమ్మాయిలే. రంగు పేరుతో ఆడపిల్లల్ని ఇంత ఏడిపించే దేశంలో, బ్లీచ్ డబ్బా పక్కన గౌరవం, గర్వం అనే మాటలు పెడితే చామనఛాయ పిల్లకి ఏమనిపిస్తుంది? భర్త ఆయుష్షు కోసం భార్య పస్తుండే పండగే దొరికిందా అని అప్పట్లో స్వలింగ జంటల తరఫున మాట్లాడేవాళ్ళే కొందరు అడిగారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. మన అట్లతద్ది సాధారణంగా కర్వా చౌత్‌కి ఒక రోజు ముందొస్తుంది. ఆడపిల్లలంతా తెల్లారకముందే లేచి, కలిసి తిని, కలిసి ఉయ్యాలలూగే పండగ. ఇలాంటి కథ అందులో ఇంకా బాగా ఇమిడేది.

ఆ తర్వాత జరిగిందే నాకు మింగుడుపడదు. అప్పటి మధ్యప్రదేశ్ హోంమంత్రి నరోత్తమ్ మిశ్రా యాడ్ తీసెయ్యకపోతే కేసు పెడతామన్నారు. డాబర్ వెంటనే యాడ్ తీసేసి, బేషరతుగా క్షమాపణ చెప్పింది. కొన్ని రోజులకే అప్పటి సుప్రీంకోర్టు జడ్జి డి.వై. చంద్రచూడ్ ఒక సభలో ఈ యాడ్ సంగతే ఎత్తి, జనంలో సహనం లేకపోవడం వల్లే దాన్ని తీసెయ్యాల్సొచ్చిందని అన్నారు. 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధం నేరం కాదని తీర్పొచ్చింది. నేరం కానిదాన్ని చూపించినందుకు క్షమాపణ ఎందుకు?

నా కస్టమర్లలో అలాంటి జంట ఒకటుంది. వాళ్ళ గురించి ఇంతకంటే చెప్పను. యాడ్ వచ్చిన రోజు ఫోన్ తెచ్చి నాకు చూపించారు, రెండోసారి కూడా ప్లే చేశారు. తీసేశాక వచ్చినప్పుడు అందులో చిన్నది అడిగింది: "క్షమాపణ చెప్పేంత తప్పు మేమేం చేశామక్కా?" నా దగ్గర జవాబు లేదు. క్షమాపణ నొచ్చుకున్నవాళ్ళకి చెప్పారు. ఈ పిల్లలు కూడా నొచ్చుకున్నారు, వీళ్ళకి ఎవరూ చెప్పలేదు.

నిలబడినవాళ్ళూ ఉన్నారు. 1994లో అమెరికా టీవీలో ఫర్నిచర్ కంపెనీ ఐకియా, జంటగా ఉండే ఇద్దరు మగవాళ్ళు డైనింగ్ టేబుల్ కొనుక్కునే యాడ్ వేసింది. ఒక షాపుకి బాంబు బెదిరింపు వచ్చినా ఆ కంపెనీ వెనక్కి తగ్గలేదు. మన దేశంలో వాళ్ళు మొదటి షాపు తెరిచింది 2018లో, హైదరాబాద్‌లోనే. ఇక్కడ 2015లో మింత్రా వాళ్ళ అనౌక్ బట్టలకి వచ్చిన యాడ్ నా లెక్కలో అన్నిటికంటే మిన్న. అమ్మానాన్నలు ఇంటికొస్తున్నారని ఇద్దరమ్మాయిలు ఉదయాన్నే తయారవుతుంటారు, అంతే కథ. ఏం వేసుకోవాలి, ఎలా ఉన్నాను, వాళ్ళకి ఇవాళ చెప్పేద్దామా. పండగ లేదు, రంగు గొడవ లేదు. కాకపోతే అది ఇంటర్నెట్‌లో తిరిగింది. నా పార్లర్లో టీవీ పొద్దుట్నుంచి రాత్రిదాకా మోగుతూనే ఉంటుంది, తెలుగు సీరియల్ మధ్య ఇలాంటి యాడ్ ఒక్కటి కూడా నా కంట పడలేదు. స్వలింగ జంటలకి పెళ్ళి హక్కు కోసం సుప్రీంకోర్టుకి వెళ్ళినవాళ్ళలో ముందు పేరున్న జంటది మన హైదరాబాదే. 2023 అక్టోబర్ 17న కోర్టు ఆ హక్కు ఇవ్వలేమంది. చట్టం ఇవ్వనప్పుడు కనీసం బొమ్మలోనైనా కనిపించాలి కదండీ.

క్రీముకి అయిదుకి నాలుగు స్టార్లు, కొనుక్కోవచ్చు. యాడ్‌కి కూడా నాలుగే, ఆ రంగు విషయం వల్ల. దాన్ని తీసేసినందుకు ఒక్క స్టారు కూడా ఇవ్వను. కంపెనీవాళ్ళు ఇది చదివితే, తెలుగులో ఒకటి తియ్యండి. చామనఛాయ అమ్మాయిల్ని పెట్టండి, అట్లతద్దికి రాత్రి సీరియల్ మధ్యలో వెయ్యండి, ఎవరు అరిచినా తీసెయ్యకండి. పోస్టర్ పంపితే నా అద్దం పక్కనే అంటిస్తాను, అడిగినవాళ్ళకి సమాధానం నేను చెప్పుకుంటాను.