గ్వాంగ్‌జౌలో ఒక పూట దొరికితే: షామియన్ దీవా, చెన్ వంశ మందిరమా?

చైనా బిడ్డను దత్తత తీసుకున్న అమెరికా దంపతులకు దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌ నగరం ఆఖరి మజిలీగా ఉండేది. బిడ్డకు వీసా ఇచ్చేది అక్కడి అమెరికా కాన్సులేట్‌లోనే. 2024లో చైనా విదేశీ దత్తతలను దాదాపుగా ఆపేసింది. అయినా ఎదిగిన పిల్లలతో తిరిగి వెళ్లేవాళ్లకు ఈ ప్రశ్న ఇప్పటికీ ఉంది.

ఒడిలోకి వచ్చి వారమైనా కాని బిడ్డతో వెళ్లిన రోజుల్లో షామియనే నయంగా ఉండేది. ఒకప్పుడు బ్రిటిష్, ఫ్రెంచ్ వాళ్ల చేతిలో ఉన్న చిన్న దీవి. మర్రిజాతి చెట్ల నీడ, పాత రాతి భవనాలు, దారి పక్కన కంచు బొమ్మలు. రద్దీ తక్కువ, స్ట్రోలర్ హాయిగా సాగుతుంది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఎత్తుకుని తిరగడానికి చోటుంటుంది. 1983లో తెరిచిన వైట్ స్వాన్ హోటల్ ఇక్కడే, ఎన్నో దత్తత కుటుంబాలు అందులోనే దిగేవి.

పదేళ్లు దాటిన పిల్లతో వెళ్తే మాత్రం నేను చెన్ మందిరానికే ఓటేస్తాను. ఆ నగరం ఉన్న గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలోని చెన్ ఇంటిపేరు వాళ్లు చందాలు వేసుకుని 1894కి పూర్తి చేశారు, రాజకొలువు పరీక్షలకు వచ్చే తమ కుర్రాళ్ల బస కోసం. తలెత్తి చూస్తే పైకప్పు వెన్ను పొడవునా మట్టి బొమ్మలు: నాటకాల పాత్రలు, పక్షులు, పళ్లు. మెట్రో ఒకటో లైన్‌లో దాని పేరుతోనే స్టేషన్ ఉంది.

కానీ అది ఇంటిపేరు గుడి. కన్నవాళ్ల ఇంటిపేరేమిటో తెలియని పిల్లకు అక్కడ ఏదైనా గుచ్చుకోవచ్చు. వెళ్లే ముందురోజు రాత్రే ఆ మాట ఎత్తండి. వద్దంటే షామియన్‌లో నది ఒడ్డున కూర్చోండి.